పెట్టె విప్పని ఇళ్ళు

ఈ దసరాకి మేముంటున్న ఊళ్ళో, అంటే పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్‌లో, తెలుగువాళ్ళం ఓ పాతిక కుటుంబాలం ఒక హాలు మాట్లాడుకుని కలిశాం. భోజనాలయ్యాక మాటలు మెల్లగా ఉక్రెయిన్ వాళ్ళ మీదికి మళ్ళాయి. "ఇంకా ఎన్నాళ్ళుంటారండీ వీళ్ళు?" అన్నాడొకాయన.

ఆయన మంచి మనిషి. 2022 మార్చిలో ఆఫీసుకి సెలవు పెట్టి, కారు నిండా దుప్పట్లూ డైపర్లూ వేసుకుని సరిహద్దు దాకా వెళ్ళొచ్చిన వాళ్ళలో ఆయనొకడు. అలాంటి మనిషి నోట ఆ మాట వచ్చేసరికి నా మనసు చివుక్కుమంది. చుట్టూ కూర్చున్నవాళ్ళలో చాలామంది తలూపారు కూడా. మనకి రెసిడెన్స్ కార్డు రావాలంటే ఏడాది, ఏడాదిన్నర ఆఫీసుల చుట్టూ తిరగాలి, వాళ్ళకి ఒక్క పూటలో పెసెల్ నంబరు, అంటే మన ఆధార్ లాంటి ఇక్కడి గుర్తింపు సంఖ్య, ఇచ్చేశారు అన్నారొకరు. పిల్లలకి నెలనెలా 800 జ్లోటీలు అన్నారు ఇంకొకరు. ఉద్యోగం చేసుకునే కార్డు ఉంటే ఆ 800 మన పిల్లలకీ వస్తున్నాయి, ఆ హాల్లో ఉన్న సగం మంది తీసుకుంటున్నారు. అయినా ఆ రోజు నేను నోరు విప్పలేకపోయాను. పండగ పూట గొడవెందుకని ఊరుకున్నాను. ఊరుకున్నందుకు ఇప్పటికీ బాధగా ఉంది. ఇది ఆయనకి నేను ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

మా పై ఫ్లాటులో ఖార్కివ్ నుంచి వచ్చిన తల్లీకూతుళ్ళు ఉంటారు. ఖార్కివ్‌లో సల్తీవ్కా అని పెద్ద నివాస ప్రాంతం ఉంది, తొమ్మిదేసి, పదహారేసి అంతస్తుల బిల్డింగులు వరసగా. అక్కణ్ణించి రష్యా సరిహద్దు నలభై కిలోమీటర్లు కూడా ఉండదు. 2022 ఫిబ్రవరి 24 తెల్లవారుజామున మొదలైన దాడిలో ఆ ఊళ్ళో అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువ దెబ్బ తిన్నది ఆ ప్రాంతమే. వీళ్ళిద్దరూ ఎనిమిది రోజులు మెట్రో స్టేషన్ ప్లాట్‌ఫాం మీద పడుకుని, తొమ్మిదో రోజు రైలెక్కారు. ఆవిడ అక్కడ హైస్కూల్లో లెక్కల టీచరు. ఇక్కడ ఒక గోడౌన్లో పార్సెళ్ళు సర్దుతుంది. భర్త కరెంటు లైన్ల పనిలో ఉన్నాడు. పద్ధెనిమిది నుంచి అరవై ఏళ్ళ లోపు మగవాళ్ళు దేశం దాటకూడదని యుద్ధం మొదలైన రోజే నిబంధన పెట్టారు కదా, ఆయన అక్కడే ఉండిపోయాడు. 2025 ఆగస్టులో ఆ నిబంధనని ఇరవై రెండేళ్ళ దాకా ఉన్న కుర్రాళ్ళకి సడలించారు. ఆయనకి నలభై ఏడు.

మొదటిసారి వాళ్ళింటికి టీకి వెళ్ళినప్పుడు ఒక్కసారిగా సైరన్ మోగింది. నేను ఉలిక్కిపడి లేచి నిలబడ్డాను. ఆవిడ ఫోన్ అది. ఖార్కివ్‌లో విమాన దాడి హెచ్చరిక వస్తే మోగే యాప్. వెయ్యి కిలోమీటర్లు దాటి వచ్చినా ఆవిడ దాన్ని తీసేయలేదు. సైరన్ మోగగానే భర్తకి ఒక చిన్న మెసేజ్ పెడుతుంది. ఆయన దగ్గర్నుంచి ఒక ప్లస్ గుర్తు వస్తుంది. ఉన్నాను, బాగానే ఉన్నాను అని దానర్థం. ఆ ప్లస్ వచ్చేదాకా ఆవిడ చేతిలో టీ కప్పు అలాగే ఉండిపోతుంది, తాగదు, కింద పెట్టదు. నేను చూసిన ఆ రోజు పదకొండు నిమిషాలు పట్టింది.

ఆ ఇంట్లో నేను గమనించిన ఇంకో సంగతి గోడలు. నాలుగో చలికాలం నడుస్తోంది, గోడకి ఒక్క మేకు లేదు. ఫోటో లేదు, క్యాలెండర్ లేదు. మడతపెట్టే బల్ల, రెండు కుర్చీలు, నేల మీద పరుపులు. తలుపు పక్కన ఒక నల్ల బ్యాగు జిప్ వేసి సిద్ధంగా ఉంటుంది. అందులో పాస్‌పోర్టులు, ఇంటి కాగితాలు, మందులు, సల్తీవ్కా ఫ్లాటు తాళాలు. దీన్ని వాళ్ళ భాషలో "త్రివోజ్నా వలీజ్కా" అంటారట. హెచ్చరిక వస్తే చేతికందుకుని పరిగెత్తే పెట్టె. యుద్ధానికి ముందు వారాల్లో ఉక్రెయిన్లో ఇంటింటా ఈ మాటే. అక్కడ ఆ పెట్టె ఉండాలి, అర్థం చేసుకోగలను. బాంబులు పడని ఈ ఊళ్ళో కూడా అది తలుపు పక్కనే ఎందుకుందో అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది.

మా పిన్ని కొడుకు కూడా ఖార్కివ్‌లోనే ఉండేవాడు. మెడిసిన్ నాలుగో సంవత్సరం. ఆ రోజుల్లో ఖమ్మంలో మా పిన్ని అన్నం మానేసి టీవీ ముందు కూర్చుంది. వీడు హాస్టల్ బేస్‌మెంట్‌లో ఉండి, బిస్కెట్లు లెక్కపెట్టుకుని తింటూ, సిగ్నల్ దొరికితే "అమ్మా టెన్షన్ పడకు" అని మెసేజ్ పెట్టేవాడు. మార్చి 1న కర్ణాటక కుర్రాడొకడు ఆ ఊళ్ళోనే షెల్లింగ్‌లో చనిపోయాడు. మర్నాడు మన రాయబార కార్యాలయం అర్జంటుగా ఒక హెచ్చరిక ఇచ్చింది. సాయంత్రం ఆరులోపు ఎలాగైనా, నడిచైనా సరే ఖార్కివ్ వదిలి పిసోచిన్, బాబాయి, బెజ్లుదివ్కా ఊళ్ళకి చేరుకోండి అని. అంతకుముందే వీడు స్టేషన్‌కి వెళ్ళి రైలెక్కబోతే వెనక్కి తోసేశారు. మీవాళ్ళు తర్వాత అన్నారట. ఇక పిసోచిన్‌కి పదకొండు కిలోమీటర్లు మంచులో నడిచాడు. అక్కడ వెయ్యిమంది దాకా మన పిల్లలు ఇరుక్కుపోయారు. మూడు రోజుల తర్వాత బస్సులొచ్చాయి.

సరిహద్దు దాటి పోలండ్‌లోని జెషూఫ్‌కి వచ్చాడని తెలిసి, నేనూ మా ఆయనా నాలుగు వందల కిలోమీటర్లు డ్రైవ్ చేసుకుని వెళ్ళాం. డబ్బాలో పులిహోర పెట్టుకుని వెళ్తే, వాడు నిలబడే తిన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. రెండు రోజుల్లో మన ప్రభుత్వం పంపిన విమానం, ఢిల్లీలో తెలంగాణ భవన్‌లో ఒక పూట, ఆ పైన ఖమ్మం. ఆ ఆపరేషన్ గంగలో ఇరవై రెండు వేల మందికి పైగా భారతీయులు అలా ఇళ్ళకి చేరారు. తర్వాత చదువు కోసం జార్జియాకి మారాడు, డిగ్రీ పూర్తి చేశాడు, ఇప్పుడు ఎఫ్ఎంజీఈకి, అంటే విదేశాల్లో మెడిసిన్ చదివినవాళ్ళు మన దేశంలో రాయాల్సిన పరీక్షకి, చదువుతున్నాడు. వాడి కష్టం తక్కువని అనను. రాత్రిళ్ళు ఇంకా ఉలిక్కిపడి లేస్తాడని పిన్ని చెబుతుంది. కానీ వాడి పారిపోవడం ఖమ్మం బస్టాండులో ముగిసింది. అక్కడ వాడికోసం ఒక గది, ఒక మంచం, ఏడ్చి కౌగిలించుకునే తల్లి ఉన్నారు. అదే ఊరు, అవే బాంబులు. మా పైఫ్లాటు ఆవిడకి అది ఇంకా ముగియలేదు.

దేశం దాటినవాళ్ళు ఆ మొదటి నెలలోనే నలభై లక్షలు. ఇళ్ళు వదిలి దేశం లోపలే వేరే ఊళ్ళకి వెళ్ళినవాళ్ళనీ కలిపితే కోటి దాటుతుంది, అంటే నలుగురిలో ఒకరు. 2025లో కూడా యాభై ఏడు లక్షల మంది దాకా బయటే ఉన్నారు, లోపల చెదిరినవాళ్ళు ఇంకో ముప్ఫై ఏడు లక్షలు. వీళ్ళలో కొందరికి ఇది రెండోసారి. 2014లో క్రిమియా, దొన్బాస్‌ల నుంచి పదిహేను లక్షల మంది కదిలారు. మా పైఫ్లాటు ఆవిడతో పనిచేసిన టీచరొకావిడ అప్పుడు దొనెత్స్క్ నుంచి ఖార్కివ్ వచ్చి, ఎనిమిదేళ్ళు కష్టపడి ఇల్లు కొనుక్కుని, 2022లో మళ్ళీ బ్యాగు సర్దుకుంది. పారిపోవడంలో కూడా ప్రాణాలు పోయాయి. ఏప్రిల్ 8న క్రమతోర్స్క్ స్టేషన్లో రైలు కోసం నిలబడ్డ జనం మీద క్షిపణి పడింది. అరవై మంది దాకా చనిపోయారు.

ఇంతమందిని ఐరోపా ఎలా తీసుకుందో చెప్పాలి, ఎందుకంటే నా వాదనంతా అక్కడే ఉంది. 2001లో, యుగోస్లావియా యుద్ధాల అనుభవం తర్వాత, ఐరోపా యూనియన్ ఒక చట్టం చేసుకుంది. ఒక్కసారిగా లక్షలమంది వస్తే ఒక్కొక్కరి దరఖాస్తూ విచారించకుండా అందరికీ ఒకేసారి "తాత్కాలిక రక్షణ" ఇచ్చే చట్టం. ఉండొచ్చు, పని చేసుకోవచ్చు, పిల్లల్ని బడికి పంపొచ్చు, వైద్యం చేయించుకోవచ్చు. ఇరవై ఏళ్ళు అది బీరువాలోనే ఉంది. 2015లో సిరియా వాళ్ళు వచ్చినప్పుడు బయటికి తీయలేదు. 2022 మార్చి 4న మొదటిసారి తీశారు. తెల్లవాళ్ళు కాబట్టి తీశారన్న మాట మన దగ్గర చాలా వినిపిస్తుంది. మా తమ్ముణ్ణి రైలు దగ్గర తోసేసినప్పుడు ఆ రంగు తేడా ఏమిటో మా ఇంటిల్లిపాదికీ తెలిసొచ్చింది, కాదనను. ఈ పోలండే బెలారుస్ వైపు అడవుల్లోంచి వచ్చిన వాళ్ళకి గోడ కట్టింది. సిరియా వాడికి అన్యాయం జరిగింది. అయితే ఆ లెక్క సరిచేయడానికి ఉక్రెయిన్ తల్లి దగ్గర్నుంచి లాక్కోవడం దారి ఎలా అవుతుంది? ఆ చట్టం పనిచేస్తుందని ఇప్పుడు రుజువైంది. రేపు ఇంకెవరొచ్చినా తీయమని అడగడానికి మన చేతిలో ఒక ఆధారం ఉంది.

నా ఫిర్యాదు ఆ చట్టం పేరులోని మొదటి మాట మీద. తాత్కాలిక.

మొదటి ఏడాది ఆ మాట సరైనదే. అందరూ అలాగే అనుకున్నారు. మా పైఫ్లాటు ఆవిడ వేసవి బట్టలు తెచ్చుకోలేదు, ఏప్రిల్ కల్లా వెళ్ళిపోతాం కదా అని. తర్వాత దాన్ని ఏడాదేడాదికీ పొడిగిస్తూ వచ్చారు. 2024 మార్చి దాకా, 2025 మార్చి దాకా, 2026 మార్చి దాకా, ఇప్పుడు 2027 మార్చి 4 దాకా. నలభై మూడు లక్షల మంది జీవితం ఏడాది వాయిదాల మీద నడుస్తోంది. ఇంటి ఓనరు రెండేళ్ళ అగ్రిమెంటు రాయడు, మీరుంటారో లేదో అంటాడు. టీచరు పని కోసం సర్టిఫికెట్లు అనువాదం చేయించి, భాష పరీక్షలు రాసి, రెండేళ్ళు తిప్పలు పడాలా అని ఆవిడకే అనుమానం, అప్పటికి ఇక్కడ ఉంటామో లేదో. అందుకని గోడౌన్. 2025 ఆగస్టులో ఇక్కడి అధ్యక్షుడు ఉక్రెయిన్ వాళ్ళ చట్టం పొడిగింపు బిల్లుని వెనక్కి పంపాడు. పాత చట్టం గడువు సెప్టెంబరు ఆఖరుకి అయిపోతుంది. మార్చిన బిల్లు మీద నెలాఖరులో సంతకం పడేదాకా ఆవిడ రోజూ రాత్రి మా తలుపు తట్టి, "వార్తల్లో ఏమైనా చెప్పారా?" అని అడిగేది. అప్పుడర్థమైంది నాకు ఆ నల్ల బ్యాగు తలుపు పక్కన ఎందుకుందో.

ఈ బ్యాగు గురించి మా ఇంటి ఓనరు పెద్దావిడతో చెప్పినప్పుడు ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికెళ్ళి ఒక తోలు పెట్టె పట్టుకొచ్చింది. వాళ్ళమ్మది.

వ్రోత్స్వాఫ్ కథ తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. 1945 దాకా ఇది బ్రెస్లావ్, జర్మన్ నగరం. యుద్ధం తర్వాత సరిహద్దులు పడమటికి జరిపారు. ఇక్కడి జర్మన్లని పంపేశారు. తూర్పున సోవియట్ చేతిలోకి పోయిన ప్రాంతాల నుంచి పోలిష్ వాళ్ళని పది లక్షలకు పైగా ఇటు తరలించారు, వాళ్ళలో చాలామంది ల్వూఫ్ వాళ్ళు. ఆ ల్వూఫే ఇప్పటి ఉక్రెయిన్లోని ల్వీవ్. మా ఊరి నడిబొడ్డున కూర్చుని ఉన్న ఫ్రెద్రో అనే రచయిత విగ్రహం కూడా ల్వూఫ్ నుంచి వచ్చిందే, 1956 నుంచి ఇక్కడుంది. అంటే ఈ ఊళ్ళో పాత కాపులెవరూ లేరు. అందరూ ఎక్కణ్ణించో వచ్చి, ఇంకెవరో పోగొట్టుకున్న ఇంట్లో దిగినవాళ్ళే.

పెద్దావిడ 1947లో ఇక్కడే పుట్టింది. అమ్మానాన్నలు అంతకుముందు ఏడాది గూడ్స్ రైల్లో వచ్చారు, ఒక ఆవు, ఒక కుట్టుమిషను, ఈ పెట్టె. వాళ్ళకిచ్చిన ఇంట్లో కుళాయిల మీద జర్మన్ అక్షరాలు. జర్మన్లు మళ్ళీ వస్తారు, మనల్ని వెళ్ళగొడతారు అని తండ్రి నమ్మకం. ఆ భయం ఆయనొక్కడిదే కాదు, ఊరందరిదీ. దీనికి పోలిష్‌లో ఒక నానుడే ఉంది, పెట్టెల మీద కూర్చోవడం అని. పెట్టెని వాళ్ళు "వలిస్కా" అంటారు, ఉక్రెయిన్ వాళ్ళ "వలీజ్కా" లాంటిదే. కప్పు కారితే బకెట్ పెట్టారు, రిపేరు చేయించలేదు. పెరట్లో పళ్ళచెట్టు నాటలేదు, కాపుకొచ్చేసరికి ఎవరిదవుతుందో అని. 1970 డిసెంబర్లో పశ్చిమ జర్మనీ వార్సా ఒప్పందం మీద సంతకం పెట్టి ఈ సరిహద్దుని గౌరవిస్తామంది. "మరుసటి ఏడాది వసంతంలో నాన్న మొదటిసారి గోడలకి రంగు వేయించాడు, నాకప్పటికి ఇరవై మూడేళ్ళు" అంది. అమ్మ మాత్రం పెట్టె విప్పలేదట. పోయాక వీళ్ళే తెరిచారు. లోపల పిల్లల ఊలు మేజోళ్ళు, పాసిపోయిన సబ్బు, ల్వూఫ్ ఇంటి తాళం.

ఇరవై నాలుగేళ్ళు. ఒక ఊరు ఊరంతా కప్పులు కారుతుంటే చూస్తూ కూర్చుంది, ఇది మీదేనని ఎవరూ గట్టిగా చెప్పక. ఆ అనుభవమున్న ఊళ్ళో ఉంటూ, తాత్కాలికం అనే మాట మనిషిని ఏం చేస్తుందో తెలియదని ఎవరైనా ఎలా అనగలరు?

దీనికి ఎదురు వాదన ఒకటుంది, అది నన్ను నిజంగా ఆలోచింపజేసింది. ఉక్రెయిన్‌కి తన మనుషులు కావాలి. పొలాలకి, ఆసుపత్రులకి, బడులకి. వెళ్ళినవాళ్ళు వెళ్ళినచోటే వేళ్ళూనుకుంటే యుద్ధం గెలిచినా ఊళ్ళలో ఎవరుంటారు? ఈ భయాన్ని కొట్టిపారేయలేను. మా పైఫ్లాటు ఆవిడ కూడా కొట్టిపారేయదు. "దోదోము" అన్న మాట ఆవిడ రోజుకి పదిసార్లు అంటుంది, ఇంటికి అని. కానీ వెనక్కి వెళ్ళడమన్నది వెళ్ళేచోట ఏముందనే దాని మీద ఆధారపడుతుంది. ఖార్కివ్‌లో పిల్లలు మెట్రో స్టేషన్లలో, భూమి కింద కట్టిన బడుల్లో చదువుకుంటున్నారు. మరియుపోల్ వాళ్ళకైతే వెళ్ళడానికి ఊరే లేదు, అది రష్యా చేతిలో ఉంది. ఇక్కడ ఇరుకున పెడితే అక్కడికి వెళ్ళిపోతారు అనుకోవడం ముందు ఒకసారి చేసి చూశారు. 1990లలో జర్మనీ మూడు లక్షలకు పైగా బోస్నియా వాళ్ళకి తాత్కాలికంగా నీడనిచ్చి, యుద్ధం ఆగగానే పొమ్మంది. చాలామంది వెళ్ళారు, సొంత ఊళ్ళు అవతలి పక్షం చేతిలో ఉండటంతో సొంత దేశంలోనే మళ్ళీ నిర్వాసితులయ్యారు. ఇంకా చాలామంది అమెరికా విమానం ఎక్కారు.

పైగా ఇప్పుడున్న నిబంధన వెళ్ళాలనుకునేవాళ్ళనే అడ్డుకుంటోంది. పోలండ్ వదిలి ముప్ఫై రోజులు దాటితే ఈ హోదా పోతుంది. కిందటి వేసవిలో ఆవిడ ఖార్కివ్ వెళ్ళింది. సరిహద్దు దగ్గరున్న ప్షెమిషల్ దాకా ఇక్కడి రైలు, అక్కడ దిగి ఉక్రెయిన్ రైలు ఎక్కాలి, పట్టాల వెడల్పే వేరు కాబట్టి. కిటికీలు పోయిన ఫ్లాటుకి ప్లైవుడ్ కొట్టించి, పాడైన ఇళ్ళకిచ్చే పరిహారానికి దరఖాస్తు పెట్టి, మనుషులొచ్చి చూసేదాకా ఉండాలనుకుంది. ఇరవై ఆరో రోజున వెనక్కొచ్చేసింది, ఎక్కడ గడువు దాటుతుందో అని. రెండు నెలలుండి చూసుకునే వీలుంటే ఏమో, ఉండగలనో లేదో తేలేది అంది. వెళ్ళి చూసి రావడానికి వీలు కల్పించండని 2025 సెప్టెంబర్లో ఐరోపా యూనియన్ మండలి కూడా సభ్యదేశాలకి సిఫార్సు చేసింది. సిఫార్సే, హక్కు కాదు. తిరిగి రావచ్చన్న ధైర్యమున్నవాళ్ళే వెళ్ళి చూడగలరు. తలుపు మూసుకుపోతుందన్న భయమున్నవాళ్ళు గడప దాటరు.

దసరా నాటి ఆయనతో నేను అనాల్సింది ఇది. అన్నా, మనకి కార్డు ఆలస్యమవడం నిజమే, ఆ టెన్షన్ నాకూ తెలుసు, మా కార్డుకి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలలు అమ్మని చూడలేక ఏడ్చాను. కానీ అప్పుడు కూడా, కార్డు రాకపోతే ఏముంది, ఖమ్మం వెళ్ళిపోతాం అనుకునేదాన్ని. ఆ "వెళ్ళిపోతాం" అన్న మాటే మన ఆస్తి. వాళ్ళకి లేనిది అదే. వాళ్ళు ఊరికే కూర్చుని తింటున్నారన్నది కూడా నిజం కాదు. 2024లో పోలండ్ జీడీపీలో 2.7 శాతం ఉక్రెయిన్ శరణార్థుల వల్ల వచ్చిందని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ చేయించిన లెక్క చెబుతోంది. అయినా ఆ అంకె మీద నా వాదన నిలబెట్టను. గోడౌన్‌కి వెళ్ళలేని ముసలమ్మకి కూడా ఉండే హక్కు ఉండాలి.

నేనడుగుతున్నది ఏడాది వాయిదాలు ఆపి, ఐదేళ్ళో ఆరేళ్ళో ఒకేసారి ఇవ్వమని. ముప్ఫై రోజుల లెక్క తీసేయమని. మూడేళ్ళ కార్డు ఒకటి పోలండ్ చట్టంలో రాసింది. మంచి అడుగే. కానీ అది తీసుకుంటే ఈ రక్షణ హోదా వదులుకోవాలి, రేపు పని పోతే ఏమిటని ఆవిడ తటపటాయిస్తోంది.

వాళ్ళమ్మాయి వచ్చినప్పుడు పద్నాలుగేళ్ళది. పగలు ఇక్కడి బడి, రాత్రి ఆన్‌లైన్లో ఉక్రెయిన్ బడి, రెండూ చదువుతోంది, ఎటు పనికొస్తుందో తెలియదు కదా అని. పోయిన వారం మా ఇంటికొచ్చి, నా లాప్‌టాప్‌లో దాని పరీక్షల షెడ్యూలు చూసింది. ఇక్కడి బడి చదువు ముగించే పరీక్షని మతూరా అంటారు, మే నెల మొదట్లో మొదలవుతుంది. తన మతూరా 2027 మేలో. రక్షణ 2027 మార్చి 4 దాకా. ఆ అమ్మాయి వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, "రెండు నెలలు తక్కువ, ఆంటీ" అంది.